ఆయ్ అనని సహాధ్యాయి

పొద్దున్న రేవులో స్నానం చేసి గట్టెక్కుతుంటే, కోటిపల్లి పడవలోంచి దిగిన పెద్దమనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి ఆగాడు. అల్లవరం ఆయన పోయారండీ అన్నాడు. మూడు రోజులైందట. మధ్యాహ్నం వరకు శిష్యులకు పాఠం చెప్పి, భోంచేసి నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదట. ఏ అల్లవరం ఆయన అని నేను అడగలేదు. అవతలి ఒడ్డున ముప్ఫై ఏళ్ళుగా తర్కం చెబుతున్నవాడు, నాతో ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నవాడు ఒక్కడే.

ఇంటికొచ్చాక చాలాసేపు ఏ పనీ తోచలేదు. అయినా ఏడుపు రాలేదు. అతన్ని తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకాలే గర్వం వస్తుంది. ఎక్కడ పుట్టాడు, ఎంతమంది పిల్లలు, ఎన్ని సత్కారాలు పొందాడు అన్నవి చెప్పడానికి అతని శిష్యులున్నారు. నాకు తెలిసినవాడు మా ముక్తేశ్వరం పాఠశాలలోని ఇరవై ఏళ్ళ కుర్రవాడు. వాణ్ణి గురించి చెప్పగలిగేవాళ్ళలో ఇప్పుడు నేనే మిగిలాను.

అతను వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్త. మా వైపు ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతూ ఉండేవారు. తెల్లవారకముందు అల్లవరంలో బయల్దేరి నడిచినవాడు, సాయంత్రానికి మోకాళ్ళ దాకా ఆ కాలవ మట్టితో గురువుగారి అరుగు ముందు నిలబడ్డాడు. పొడుగు, నలుపు, బక్కపలచని మనిషి. చెవులు మాత్రం ఆ మొహానికి కాస్త ఎక్కువే. సముద్రపు గాలిలో పెరిగాడు కాబట్టి గొంతు పెద్దది. పక్కవాడి చెవిలో చెప్పిన రహస్యం వీధి చివరికి వినిపించేది. వాళ్ళ నాన్నగారు అక్కడి పడవలవాళ్ళ ఇళ్ళలో పౌరోహిత్యం చేసేవారట.

తర్కమే ఎందుకు చదవాలనుకుంటున్నావని గురువుగారు అడిగారు.

"మా ఊళ్ళో ఒకాయన నన్ను వాదంలో ఓడించేడండీ. ఓడిపోయేనని తెలిసింది గానీ ఎలా ఓడిపోయేనో తెలియలేదండీ" అన్నాడు.

గురువుగారు నవ్వి, కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మన్నారు. అలా అతను మా ఆరుగురికి ఏడోవాడయ్యాడు.

అతనికొక అలవాటుండేది. ఏదైనా సంగతి మనసుకి పట్టిందంటే కూర్చున్నచోట కూర్చోలేకపోయేవాడు. పాఠం మధ్యలో చటుక్కున లేచి, ఇంటి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ కూర్చునేవాడు. మొదట్లో మేం కడుపునొప్పి అనుకున్నాం. వంటింటి కిటికీ ముందునుంచి పోయే అతన్ని చూసి గురువుగారి భార్య, మేం అమ్మగారు అని పిలిచే ఆవిడ, "ఇవాళ ఆ అబ్బాయికి ఏదో తెలిసినట్టుంది" అని తనలో తాను అనుకునేవారు. మా ఆరుగురిలో ఎవరికి తెలిసిందో, ఎవరికి తెలియలేదో ఆవిడకే కాదు, మాకూ తెలిసేది కాదు.

మా గురువుగారు గొప్ప పండితులు. అందులో అప్పటికీ ఇప్పటికీ నాకు అనుమానం లేదు. కానీ పాఠం సాగే తీరు ఇలా ఉండేది. ఆయన తాటాకు విప్పి ఒక పంక్తి చదివేవారు. మేం మూడుసార్లు అనేవాళ్ళం. ఆయన సంస్కృతంలోనే దాని అర్థం చెప్పి, ఆకు మీంచి తలెత్తకుండా తెలిసిందా అని అడిగేవారు. మేమందరం అవునండీ అన్నట్టు ఒక్క గొంతుతో ఆయ్ అనేవాళ్ళం. ఆకు తిరిగేది. ఆయన గురువుగారి దగ్గరా అలాగే జరిగిందట. ఆయ్ అనడం మాకు శ్వాస తీసుకోవడంలాంటిది. అందులో అబద్ధం ఉందని కూడా మాకు తోచలేదు.

అతను వచ్చిన నాలుగో రోజున ఆ ఆయ్ లో ఒక గొంతు తగ్గింది.

"నాకు తెలియలేదండీ" అన్నాడు.

గురువుగారు తలెత్తి చూశారు. ఆ రోజు పాఠం తర్కంలో అన్నిటికంటే ముందు చెప్పే ఉదాహరణ. కొండ మీద పొగ కనిపిస్తోంది కనుక అక్కడ నిప్పుంది అన్నది. కొత్తవాడి కోసం మళ్ళీ మొదలుపెట్టారు గానీ మేం దాన్ని అప్పటికే ఎన్నోసార్లు విని ఉన్నాం.

"కొండ నేనెప్పుడూ చూడలేదండీ. పొగ చూసేను. పొగలాంటివి కూడా చూసేను. ఏది చూసి నిప్పుందని చెప్పాలో తెలియలేదండీ."

నాలుగేళ్ళుగా ఆ కొండ గురించి వల్లిస్తున్న నేను కూడా కొండ చూడలేదు. మా సీమ అరచేయిలా చదునుగా ఉంటుంది. చెరువు గట్టుకంటే ఎత్తైనది మా కంట పడలేదు. ఆ సంగతి నాకు ఆ క్షణం వరకు తట్టనేలేదు.

గురువుగారు ఓపికగా మళ్ళీ చెప్పారు. తెలియలేదండీ అన్నాడు. మూడోసారి చెప్పారు. అతను కళ్ళు మూసుకుని విని, అరచేతిలో ఏదో తూచుతున్నట్టు చెయ్యి కదిపి, అప్పుడూ అదే మాట అన్నాడు. గురువుగారి మొహం ఎర్రబడింది.

"అయితే నీకు తెలిసేదాకా అందరి పాఠం ఆపమంటావేవిట్రా?"

తల వంచి క్షమించమంటాడనుకున్నాం.

"ఆయ్. ఆపితే బాగుంటుందండీ" అన్నాడు.

అతని నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. గురువుగారు తాటాకులు కట్టేసి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి అతన్ని చివరి స్తంభం దగ్గర కూర్చోమన్నారు. అతని వైపు చూడకుండా పాఠం చెప్పసాగారు. మాకూ అతని మీద కోపమే. హాయిగా సాగిపోతున్న పాఠాన్ని చెడగొట్టాడని అతనితో మాట్లాడ్డం మానేశాం.

అతని మీద కోపం ఎక్కువున్నది నాకే. దానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది కొత్తపేటలో ఒక భూస్వామిగారి ఇంట జరిగిన పండిత సభలో మా పాఠశాల తరఫున నిలబడ్డవాణ్ణి నేను. ఏడాదికొకసారి చుట్టుపక్కల పాఠశాలల శిష్యుల్ని అక్కడ పరీక్ష చేసేవారు. నేను గంటసేపు తడుముకోకుండా అప్పజెప్పాను. సభ మెచ్చుకుంది. అప్పుడు అవతలి ఒడ్డునుంచి వచ్చిన ఒక పెద్ద పండితుడు, నేను అప్పజెప్పినదాంట్లోంచే చిన్న ప్రశ్న అడిగాడు. నేను దానికి ముందు పంక్తి చెప్పాను. మళ్ళీ అడిగాడు. తరవాతి పంక్తి చెప్పాను. సభలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వినగానే గురువుగారు ఉత్తరీయంతో మొహం తుడుచుకోవడం నేను చూశాను. తిరిగొస్తూ దారి పొడుగునా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఊరు చేరబోతుండగా మాత్రం, మళ్ళీ ఏడు కూడా ఇలాగే అయితే తాటాకులు అటకెక్కించేస్తానన్నారు. శిష్యుడికి అబ్బని చదువు చెప్పడం పాపం అన్నారు.

ఒకరోజు కాలవలో స్నానం చేస్తుంటే అతను నా పక్కకి వచ్చాడు. గొంతు తగ్గించాలని చాలా ప్రయత్నం చేశాడు పాపం.

"కోపం వద్దు. ఒక్కటడుగుతాను. ఆ కొండ పాఠం నీకు తెలిసిందా?"

తెలిసిందన్నాను.

"అయితే నాకు చెప్పు. ఇంట్లో మీ అమ్మకి చెప్పినట్టు తెలుగులో చెప్పు."

నేను మొదలుపెట్టాను. మూడు మాటలు చెప్పేసరికి నాలుగో మాట దొరకలేదు. మొలలోతు నీళ్ళలో నిలబడి నోరు తెరిచి ఉండిపోయాను. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నీకూ తెలియలేదన్నమాట" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఊరుగాని ఊళ్ళో తన ఊరివాణ్ణి చూసిన సంతోషం ఉంది. నాలుగేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగినట్టై నేను ఆ నీళ్ళలోనే ఏడ్చేశాను.

తరవాత ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగాం. ఆరుగురిలో ఏ ఒక్కరికీ తెలియదు. ప్రతివాడూ మిగిలిన ఐదుగురికీ తెలుసుననుకుని ఆయ్ అంటున్నాడు.

అప్పటి నుంచి, మధ్యాహ్నం గురువుగారు విశ్రాంతి తీసుకునే వేళ మేం ఏడుగురం కొబ్బరితోటలో కలిసేవాళ్ళం. ఆ రోజు పాఠాన్ని ఒకడు చెప్పాలి. మిగిలినవాళ్ళు అడగాలి. తెలుగులో చెప్పలేనిది తెలిసినట్టు కాదని అతను పట్టుబట్టేవాడు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది సరే, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా అని ఒకరోజు తేలక, అందరం కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్ళాం. శాస్త్రం చదివే కుర్రాళ్ళు తన కొట్టు ముందు బారులు తీరడం చూసి కమ్మరి కంగారుపడ్డాడు. సంగతి విన్నాక, ఎర్రగా కాలిన ఇనప ముక్కని పట్టకారుతో ఎత్తి చూపించాడు.

"ఇందులో నిప్పుందండీ బాబుగారూ. పొగేదండి మరి?" అన్నాడు.

అల్లవరం వాడు కొలిమి చుట్టూ ఒక్క పరుగు తీశాడు. నిప్పున్న చోటల్లా పొగ ఉండదన్న శాస్త్రవాక్యం నాకు నాలుగేళ్ళుగా నోటికొచ్చు. దానికి అర్థం ఉందని తెలిసింది మాత్రం ఆవేళే.

ఇలాంటివి ఎన్నాళ్ళో దాగవు. కమ్మరి ఎవరితోనో అన్నాడు, ఆ ఎవరో గురువుగారితో అన్నారు. మర్నాడు పొద్దున్న మేం కూర్చోగానే ఆయన తాటాకు విప్పలేదు. కోపంగా లేరు. దెబ్బతిన్న మనిషిలా ఉన్నారు. తన పాఠం చాలక కొలిమి దగ్గర చదువుకుంటున్నారట కదా అన్నారు. దీనంతటికీ మూలం ఎవరని అడిగారు. అతను చివరి స్తంభం దగ్గర లేచి నిలబడ్డాడు.

"నీకు చెప్పేపాటి చదువు నా దగ్గర లేదు. మీ ఊరు వెళ్ళిపో" అన్నారు గురువుగారు.

అతను లోపలికి వెళ్ళి రెండు పంచెలూ మూట కట్టుకొచ్చి, ఆయన పాదాలకు నమస్కారం చేశాడు. లేచినప్పుడు చూస్తే కళ్ళ నిండా నీళ్ళు. అల్లవరం దాకా ఆ మూటతో ఒక్కడూ నడిచి వెళ్ళడం నా కళ్ళకు కట్టింది. నేనెలా లేచానో నాకు తెలియదు.

"నాకూ తెలియలేదండీ. నాలుగేళ్ళ నుంచీ తెలియలేదండీ. కొత్తపేటలో నేను తడబడింది భయపడి కాదండీ, తెలియకనే" అన్నాను.

నా పక్కవాడు లేచి తనకీ తెలియలేదన్నాడు. వాడి పక్కవాడు లేచాడు. ఆరుగురం నిలబడ్డాం. గురువుగారు ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ పోయారు. ముప్ఫై ఏళ్ళుగా విన్న ఆయ్ లన్నీ ఒక్కసారి వెనక్కి లెక్క చూసుకుంటున్నట్టుంది ఆ చూపు. లేచి లోపలికి వెళ్ళిపోయారు.

లోపల అమ్మగారి గొంతు వినిపించింది. ఆవిడ నెమ్మదిగానే అన్నారు గానీ అరుగు మీద అంత నిశ్శబ్దంగా ఉంది.

"పెళ్ళైన కొత్తలో మీరు నాతో అనలేదుటండీ, మా గురువుగారు చెప్పింది సగం తెలియలేదు, అడగడానికి భయమేసింది అని. ఈ పిల్లలు అడిగేరు. అందుకు వెళ్ళగొడతారా?"

తరవాత గురువుగారు బయటికి వచ్చి తన చోట కూర్చున్నారు. అతని చేతిలో మూట తీసుకుని లోపల పెట్టమని నాకు చెప్పారు.

"మొదటి ఆకు నుంచి వద్దాం. ఎక్కడ తెలియకపోతే అక్కడ ఆపండి" అన్నారు.

ఆపాం. మొదటి రోజు ఒక్క పంక్తి దగ్గరే పొద్దంతా గడిచిపోయింది. అడిగేవాళ్ళుంటే మా గురువుగారెంత గొప్పగా చెప్పగలరో మేం అప్పుడే చూశాం. అడక్క చెడిపోయింది మేమే. మధ్యలో ఒక ప్రశ్నకి ఆయన చాలాసేపు ఆలోచించి, దీనికి సమాధానం నాకూ తెలియదు, చూసి రేపు చెబుతానన్నారు. మర్నాడు చెప్పారు. అది వింటూనే అతను లేచి ఇంటి చుట్టూ తిరగడానికి బయల్దేరాడు. ఈసారి నాకూ కూర్చోబుద్ధి కాలేదు. అతని వెనక నేనూ తిరిగాను. వంటింటి కిటికీలోంచి అమ్మగారు నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

పాడ్యమినాడు శాస్త్రపాఠం చెప్పకూడదు. ఆ రోజుకి అతనొక పని కల్పించాడు. ఆ పక్షంలో పాఠం ఎలా సాగిందో మేం గురువుగారికి చెప్పాలి. ఏది తెలిసింది, ఏది తొందరగా గడిచిపోయింది, ఎవరు వెనకబడ్డారు, ఎవరు ఎవరికి చెప్పాలి. చెప్పడానికి మొదటి పాడ్యమినాడు మా నోళ్ళు పెగల్లేదు. మూడో పాడ్యమికి గురువుగారే, నేను నిన్న వేగంగా చెప్పేనుట కదా, ఎక్కడో చెప్పండని అడిగారు. మా అక్షరదోషాల్ని దిద్దినంత శ్రద్ధగా తన బోధనని దిద్దుకున్నారాయన. అది చేతనైన పండితుల్ని నా జీవితంలో మళ్ళీ ఎక్కువమందిని చూడలేదు.

కొత్తపేట సభ రానే వచ్చింది. తెల్లవారగానే నడక మొదలుపెట్టి పొద్దెక్కేసరికి చేరుకున్నాం. నిరుడు నన్ను అడిగిన అవతలి ఒడ్డు పండితుడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మా గురువుగారు లేచి, మా వాళ్ళు అప్పజెప్పరు, మీరు అడగండి, వాళ్ళు చెబుతారు అన్నారు. సభలో గుసగుసలు బయల్దేరాయి. అల్లవరం వాడు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

పొగ చూసి నిప్పుందంటావు, అది పొగే అని నీకెలా తెలుసునని అడిగాడు పండితుడు.

"మా అల్లవరం వైపు చలికాలం పొద్దున్నే చేల మీద పొగలాంటిది లేస్తుందండీ. అది చూసి చేలో నిప్పుందంటే పొరపాటండీ. అది మంచు. దానికి మొదలుండదు, పరుచుకుని ఉంటుంది, ఎండ రాగానే పోతుంది. పొగకి కింద మొదలుంటుందండీ. ఆ మొదలు నుంచి తెగకుండా పైకి లేస్తుంది. అలా లేచేదాన్ని చూస్తేనే నిప్పుందంటాను."

అదే సంగతిని శాస్త్రభాషలో కూడా చెప్పమంటే చెప్పాడు. ఆ గొంతు పందిరి దాటి వీధిలో పోయేవాళ్ళని కూడా ఆపింది. సభ సద్దుమణిగింది. పండితుడు సర్దుకుని కూర్చుని ఈసారి పెద్ద ప్రశ్న వేశాడు. అది ఒకటే వాక్యం, కానీ దానికి తుదీ మొదలూ అందలేదు. సమాసం మీద సమాసం పేర్చుకుంటూ పోయాడు. అందరూ తలలూపారు. నేను కూడా ఊపాననుకుంటాను.

"తెలియలేదండీ" అన్నాడు అతను.

ఎవరో నవ్వారు. నిరుటి నవ్వే. గురువుగారి వైపు చూశాను. ఆయన మొహం తుడుచుకోలేదు. అతని వైపు చూస్తూ, కానీ అన్నట్టు తలాడించారు.

పండితుడు ప్రశ్నని మళ్ళీ చదివినట్టు చెప్పాడు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

"మొదట్లో కొండంతటా నిప్పుందా అని అడిగేరండీ. చివరికొచ్చేసరికి కొండ మీద ఎక్కడో ఒకచోట ఉందా అని అడిగేరు. అవి రెండు ప్రశ్నలండీ. రెంటికీ జవాబు ఒకటి కాదు. మీరు ఏది అడిగేరో నాకు తెలియలేదండీ. ఏదో ఒకటి అడగండి, చెబుతాను."

పండితుడు పెదవులు కదుపుతూ తన వాక్యాన్ని తనే ఒకసారి చెప్పుకున్నాడు. సగంలో ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడు. తరవాత పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో కల్మషం లేదు.

"పదేళ్ళుగా ఈ ప్రశ్నతో కుర్రాళ్ళ నోళ్ళు మూయిస్తున్నాను. నాకే తెలియకుండా అడుగుతున్నానన్నమాట" అన్నాడు.

లేచి వచ్చి అతన్ని కౌగలించుకున్నాడు. ఎవరి దగ్గర చదువుకున్నావయ్యా అని అడిగాడు. అతను గురువుగారిని చూపించాడు. ఆ వెంటనే వెనక్కి తిరిగి, వీళ్ళ దగ్గర కూడానండీ అని మా ఆరుగురినీ చూపించాడు. పందిరంతా మా వైపు తిరిగింది. ఆ రోజు మిగిలిన ప్రశ్నలు మా ఆరుగురినీ అడిగారు. ఆరుగురం చెప్పాం. నిరుడు నన్ను ఆపేసిన ప్రశ్నని నేనే కోరి అడిగించుకుని జవాబు చెప్పాను. చెప్పి కూర్చుంటే గురువుగారు నా వీపు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

ఆ కబురు గోదావరి లంకలన్నీ దాటింది. నెల తిరక్కుండానే రాజోలు వైపు నుంచి ఒక తండ్రి, ఎదిగిన కొడుకుని వెంటబెట్టుకుని మా అరుగు ఎక్కాడు. మీ దగ్గర చదివించుకుందామని వచ్చానండీ, పాఠం ఎలా చెబుతారో అంతటా చెప్పుకుంటున్నారు అన్నాడు.

గురువుగారు మా వైపు చెయ్యి చూపించారు.

"నన్ను కాదండీ, వీళ్ళనడగండి. ఇక్కడ చదువు ఎలా ఉందో చదువుకునేవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు బాగుందంటేనే మీ అబ్బాయిని వదలండి."

ఆ తండ్రి ఏం చెయ్యాలో తెలియక, అందరిలోకీ పొడుగ్గా కనిపించిన అల్లవరం వాణ్ణి అడిగాడు. గురువుగారు పక్కనే కూర్చుని ఉన్నారు. అతను అరచెయ్యి తూచినట్టు కదిపి, ఆలోచించి చెప్పాడు.

"అనుమానం పాఠం, అంటే పొగని చూసి నిప్పుందని తేల్చేదండీ, ఇంత బాగా చెప్పేవారు ఈ చుట్టుపక్కల లేరండీ. హేతువుల్లో దోషాలు మాత్రం కొంచెం తొందరగా చెప్పేస్తారు. ఈ పాడ్యమికి ఆ సంగతి మాట్లాడుకుంటున్నాం."

తండ్రి నిర్ఘాంతపోయి గురువుగారి వైపు చూశాడు. ఆయన గెడ్డం నిమురుకుంటూ, నిజమేనండీ, తొందరపడుతున్నాను అన్నారు.

ఆ రాజోలు మనిషి ఒకసారి గురువుగారిని చూశాడు, ఒకసారి మా ఏడుగురినీ చూశాడు. కొడుకు భుజం మీంచి మూట దించి, తన చేతులతోనే మా మూటల పక్కన పెట్టాడు.